పై గీత

స్విచ్ వేశాను. ఉప్పునీళ్ళలో రెండు పక్కలా సన్నటి బుడగలు లేస్తున్నాయి, అవి లేస్తే కరెంటు పారుతున్నట్టే, ఇక గంటసేపు నేను చెయ్యాల్సింది ఏమీ లేదు, కుర్చీ లాక్కుని కూచోవడం తప్ప. ఆదివారం మధ్యాహ్నం, ల్యాబ్‌లో నరమానవుడు లేడు, ఫ్రీజర్లు మాత్రం గుయ్యిమంటున్నాయి, కిటికీలోంచి చూస్తే పార్కింగ్‌లో నా కారొక్కటే ఉంది, దానిమీద పైన్ చెట్ల పుప్పొడి పసుపు చల్లినట్టు, ఏప్రిల్ వస్తే మోరిస్‌విల్ అంతా ఇంతే, ఊరందరికీ ఒకేసారి పెళ్ళి నిశ్చయమైనట్టు. గంట. గంటలో తెలిసిపోతుంది, నా కొడుకు నిశాంత్‌కి ఆ జబ్బు నేనిచ్చానో లేదో. కూతురు రచనకి కూడా ఇచ్చానో లేదో, రచన కడుపులో ఉన్న మగపిల్లాడు కూడా దాంతోనే పుడతాడో లేదో. ఇంత ప్రశ్నకి జవాబు ఈ అరచెయ్యంత జెల్ ముక్కలో ఉందంటే మా అమ్మ నమ్మేది కాదు, ఇదేమిటే చైనా గ్రాస్ హల్వాలా ఉంది, ఇందులో ఏలక్కాయ వేశావా అనేది. నిజానికి రెండూ సముద్రపు నాచులోంచి వచ్చినవేనమ్మా. ఇందులో ఏలక్కాయ బదులు నీ మనవణ్ణి వేశాను.

అబ్బ, ఏం మాటలే నీవి దమయంతీ. సరిగ్గా ఆలోచించు. జెల్లో ఐదు దారులు, లేన్లంటాం. మొదటి లేన్‌లో కొలబద్ద, అంటే పొడుగు తెలిసిన ముక్కలు. రెండోది నార్మల్, ఈ జబ్బు లేని మనిషిది. మూడోది నేను. నాలుగోది నిశాంత్. ఐదోది రచన. నీలం రంగు బొట్లు ఐదూ బయల్దేరాయి, బడికెళ్ళే పిల్లల్లా వరసగా. నిశాంత్‌ది హీమోఫీలియా, గీరుకుంటే రక్తం గడ్డకట్టదు, గడ్డకట్టించే జీన్ పాడైపోయింది. ఎలా పాడైందంటే దాని మధ్యలోకి ఎక్కడినుంచో ఓ చిన్న ముక్క వచ్చి దూరింది. మా ల్యాబ్‌లో చేసే పనంతా ఆ ముక్కల మీదే, ఒకచోట ఉండవు, తమని తాము కాపీ చేసుకుని ఇంకోచోట జొరబడతాయి, ఎగిరే ముక్కలంటాను నేను. ముక్క దూరితే జీన్ అక్కడ పొడుగవుతుంది, పొడుగుది జెల్లో నడవలేక పైనే ఆగిపోతుంది, పొట్టిది చకచకా కిందకి దిగుతుంది. నిశాంత్‌కి పైన ఒక్క గీతే వస్తుంది, అది పోయిన నెలే చూశాను. మగవాళ్ళకి ఆ జీన్ ఒక్క ప్రతే, ఆడవాళ్ళకి రెండు ప్రతులుంటాయి. కింద ఒక్కటే గీత వస్తే మనం మంచివాళ్ళం. పైనొకటి కిందొకటి వస్తే మోస్తున్నవాళ్ళం, మనకేమీ కాదు, మన కొడుకుకి అవ్వచ్చు. అంతే విషయం. ఇది చెప్పడానికి ఇంత చదువు అక్కర్లేదు, కూరల బండివాడికైనా అర్థమవుతుంది.

బొట్టు కొంచెం కదిలింది. కదలనీ. మధ్యలో తీసి లైటు కింద పెట్టి తొంగిచూసే రకం కాదు నేను, కుర్రపిల్లలు అలా చేస్తారు, అన్నం ఉడికిందా ఉడికిందా అని మాటిమాటికీ మూత తీసినట్టు. అసలు పోయిన నెల నిశాంత్ డీఎన్ఏ కోసం వాడి పన్ను పొడి చేశాను. పాల పన్ను. మా ఇంట్లో పన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదకి విసిరేవాళ్ళం, ఎవరి కంటా పడకూడదని, కొత్త పన్ను గట్టిగా రావాలని. నిశాంత్ పన్ను స్కూల్లో యాపిల్ కొరుకుతుంటే ఊడింది. వేరే పిల్లలకి అది పండగ. వాడికి ఆస్పత్రి. నోట్లో గుడ్డ కుక్కుకుని, చొక్కా అంతా ఎర్రగా, అయినా వాడి బెంగల్లా ఒకటే, అమ్మా, టూత్ ఫెయిరీకి హాస్పిటల్ అడ్రస్ తెలుసా? నర్సమ్మ నవ్వి చిన్న ప్లాస్టిక్ పెట్టెలో పన్ను పెట్టి వాడి చేతికిచ్చింది, పిల్లలకిచ్చే భోషాణం బొమ్మ, ఆకుపచ్చది. ఇంటికొచ్చాక కప్పు మీద వేద్దామంటే మేముండేది అపార్టుమెంట్, కప్పు మనది కాదు, పైన ఇంకొకళ్ళున్నారు. ఆయనేమో పారెయ్, సెంటిమెంట్లేమిటి అన్నారు. వాడు నిద్రపోయాక, టూత్ ఫెయిరీ వచ్చి పన్ను తీసుకెళ్ళినట్టు, దిండు కింద డాలరు పెట్టి పెట్టె నేను తీసుకున్నాను. అలా దేశాచారం రెండు విధాలా తప్పి, ఆ పన్ను నా దగ్గరే మిగిలిపోయింది. కప్పు మీద వేసుంటే ఇవాళ ఏముండేది? ఆరిపోయిన బొగ్గుపొయ్యి మీద చెయ్యి పెట్టి వేడి కోసం చూసుకోవడమే.

వాడు పోయిన రోజు గురించి ఆలోచించను. అనుకుంటాను గానీ చేసేదదే. స్కేట్లు వద్దన్నాను, పక్కింటి డ్రైవ్‌వేలో వాళ్ళ పిల్లాడివి వేసుకున్నాడు, పడ్డాడు, లేచాడు, ఏం కాలేదమ్మా అన్నాడు, నవ్వాడు కూడా. తల లోపల కారుతోందని ఎవరికి తెలుసు. తలనొప్పి అన్నాడు, పడుకున్నాడు. ఇక చాలు.

చాలంటే ఆగుతుందా. ఇంకో గొంతు వినిపిస్తుంది, అంతకు ముందెప్పుడో, వాడికింకా ఏడాది కూడా నిండలేదు, పాకుతుంటే మోకాళ్ళ మీద నీలం మచ్చలు, పరీక్షలు చేసి జబ్బు పేరు చెప్పారు. ఆ సాయంత్రం మా ఆయన శేషగిరిగారు, డాక్టరు శేషగిరిగారు, తెనాలిలో అత్తగారికి ఫోన్ చేశారు. ఆ రోజుల్లో ఇండియా ఫోనంటే అరవాలి, లేకపోతే వినపడదు. అరిచారు. "మన వైపునించి కాదమ్మా! ఇది తల్లినించే వస్తుంది! తల్లినించే! ఆఁ, దమయంతి నించే!" పైవాళ్ళకీ పక్కవాళ్ళకీ తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను, ఆవాలు చిటపటలాడుతున్నాయి, వాటి మీంచి కూడా వినపడింది. పాపం ఆయన తప్పుగా ఏం చెప్పారు? పుస్తకంలో ఉన్నదే చెప్పారు. అబద్ధమైతే జుట్టు జుట్టు పట్టుకునేదాన్ని, నిజంతో ఎలా పోట్లాడతాం. నాకు నలుగురు మేనమామలు, ఒక్కడికీ ఈ జబ్బు లేదు, కత్తిపీట తెగినా కాస్త పసుపు అద్ది మళ్ళీ కొబ్బరికాయ కొట్టడానికి వెళ్ళే రకం. మూడోవంతు కేసులు ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా పుడతాయని అదే పుస్తకంలో తర్వాతి పేజీలో ఉంది. ఆ పేజీ మాత్రం ఎవరూ ఫోన్లో అరవలేదు.

ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అనలేదు. అది కూడా చెప్పాలి. ఒక్కసారే అన్నారు, నేను రోజూ విన్నాను. వాడు పోయాక కూడా మేమిద్దరం బాగానే ఉన్నాం, పోట్లాటల్లేవు, ఆయన టెన్నిస్ చూస్తారు, నేను కుక్కర్ పెడతాను, పార్టీలకెళితే అందరూ ఎంత అన్యోన్యమో అంటారు. ఒకే మంచం మీద ఇంత ఒంటరిగా ఉండొచ్చని పెళ్ళికి ముందు ఎవరైనా చెప్పుంటే నవ్వేదాన్ని. ఇంట్లో ఊపిరాడక కమ్యూనిటీ కాలేజీలో చేరాను, బయాలజీ, నా పక్కన కూచునే పిల్లలు నన్ను మ్యామ్ అనేవాళ్ళు. తర్వాత ఈ ల్యాబ్. ల్యాబ్ నడిపే హెలెన్ ఇంటర్వ్యూలో అడిగింది, ఈ పని ఎందుకు కావాలీ అని. నాకు గొట్టాలు కడగడం ఇష్టమని చెప్పాను. పాపం నమ్మింది, లేదా నమ్మినట్టు నటించింది, పెద్దమనిషి.

మొదటి వారంలో హెలెన్ బోర్డు మీద గీసి చెప్పింది, మన డీఎన్ఏలో దాదాపు సగం ఈ ఎగిరే ముక్కలూ వాటి పాత శవాలేనట. సగం! నేను చెప్పులో రాయి అనుకున్నది అసలు చెప్పే. ఎప్పుడో ఏ కోతి పూర్వీకుడి రోజుల్లోనో పిలవని పేరంటానికొచ్చినట్టొచ్చి, కూచుని, లేవలేదు. చాలామటుకు మూగవి, కదలవు. ఎక్కడో ఒక్కటి, ఎప్పుడో ఒక్కసారి, లేచి ఎగురుతుంది, ఎక్కడ పడాలో దానికి తెలీదు, పడ్డచోట అదృష్టం బావుంటే ఏమీ కాదు, లేకపోతే ఓ పిల్లాడు స్కేట్లు వేసుకోకూడదు. దానికి కోపం లేదు, పగ లేదు, పూర్వజన్మ పాపం అంతకంటే లేదు. ఆ రోజు ఇంటికెళ్ళి ఆయనకి చెబుదామనుకున్నాను, మ్యాచ్ టైబ్రేకర్‌లో ఉంది.

ఆగు. ఆగాగు. రెండో లేన్. నార్మల్.

నార్మల్ గొట్టం ఎవరిది?

ఓరి భగవంతుడా. నాదేగా! నా మొహం మండా, N అని మూత మీద రాసి ఉన్న గొట్టం, పొద్దున నిద్రకళ్ళతో ఫ్రీజర్లో చెయ్యి పెట్టి తీశానే, అది నా రక్తమే. ల్యాబ్ పెట్టిన కొత్తల్లో నార్మల్ మనిషి డీఎన్ఏ బయట కొనడం దండగని నేనే చొక్కా చెయ్యి పైకి మడిచాను, అప్పట్లో ఏ ల్యాబ్‌లో చూసినా అంతే, ఎవరో ఒక టెక్నీషియన్ రక్తమే అందరికీ నార్మల్. అప్పట్నించీ ఏ జెల్ పోసినా రెండో లేన్ నేనే. చెయ్యికి అలవాటైపోయింది, బుర్రకి చెప్పకుండా తీసేసింది. అంటే ఇవాళ రెండో లేనూ నేనే, మూడో లేనూ నేనే. ఒకచోట సాక్షిని, పక్కనే ముద్దాయిని. నవ్వొస్తోంది. నిజంగా నవ్వాను, ఖాళీ ల్యాబ్‌లో, ఎవరైనా వింటే పిచ్చిదనుకుంటారు. ఆపేసి మళ్ళీ మొదలెడదామా? ఎలా, నిశాంత్ శాంపిల్ ఆఖరి చుక్క కూడా ఇందులోనే ఉంది, పన్ను అయిపోయింది. పర్లేదు. కొలబద్ద ఉందిగా, దాన్నిబట్టి కొలుచుకోవచ్చు. హెలెన్ చూస్తే మాత్రం తిడుతుంది, నార్మల్ లేని జెల్ ఏం జెల్ దమయంతీ అని. ఇన్నేళ్ళుగా ఎన్ని పేపర్లలో నిలబడ్డాను నార్మల్‌గా, జపాన్‌లో జర్మనీలో ఎవరెవరో నన్ను చూసి ఇదీ మామూలు మనిషంటే అనుకునుంటారు, ఇంటికెళితే నేను తల్లినించే! దమయంతి నించే!

ఫోన్. ఆయనే.

"దమయంతీ, బియ్యానికి నీళ్ళెన్ని?"

"ఒకటికి రెండు."

"ఏ గ్లాసుతో?"

"బియ్యం ఏ గ్లాసుతో పోస్తే ఆ గ్లాసుతోనే అండీ."

"ఓహో. ఎప్పుడొస్తావ్? ఆదివారం కూడా ఏమిటా పని?"

"ఉంది, చిన్న పని. వస్తాను."

పెట్టేశారు. ఆయనకి చెప్పలేదు. ఏం చెప్పను, మీరు అరిచిన మాట నిజమో కాదో చూస్తున్నానండీ, రైస్ కుక్కర్ మీట నొక్కడం మర్చిపోకండీ అనా? రచనకి మాత్రం తెలుసు, అడిగింది తనే. తనుండే చాండ్లర్ నించి వీడియోలో, కడుపు మీద సీరియల్ గిన్నె పెట్టుకుని తింటూ. క్లినిక్‌లో మామూలు పరీక్షలన్నీ చేశారట, రక్తంలో ఆ గడ్డకట్టే పదార్థం కాస్త తక్కువుందట, కాస్త తక్కువంటే అవునూ కాదు, కాదూ కాదు. మీ బ్రదర్‌కి అసలేం పాడైందో తెలిస్తే వెతుకుతాం, తెలీకుండా ఎక్కడని వెతకాలి అన్నారట. "అమ్మా, డెలివరీలో బేబీ హెడ్‌కి ఏం అవ్వకూడదు కదా. వాళ్ళు ముందే ప్లాన్ చెయ్యాలి." తర్వాత కాసేపు స్పూన్ చప్పుడు. "నాకు భయం ఉంది అమ్మా. నువ్వు చూస్తావా? నిషూది ఏమైనా ఉందా నీ దగ్గర?" పక్కనించి అల్లుడు ఆశిష్ ఏదో అన్నాడు, ఇది ఒక్క చూపు చూసింది, నోరు మూశాడు. ఉందని చెప్పాను. ఏముందో చెప్పలేదు. వారం తిరక్కుండా తన బుగ్గ లోపల తుడిచిన దూదిపుల్ల కవర్లో పంపింది, కవర్ మీద స్మైలీ.

అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, రచన కడుపులో ఆ పిల్లాడిని పట్టుకుని ఉన్న మావి కూడా ఈ జాతి ముక్క లేకపోతే సరిగ్గా కట్టుకోదట. ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందట వైరస్‌లా వచ్చి దూరినదాన్ని ఒళ్ళు పనికి పెట్టుకుంది, తల్లి రక్తానికీ బిడ్డకీ మధ్య గోడ అల్లే పని. ఒక ముక్క నా పిల్లాణ్ణి తీసుకుపోయింది, దాని దూరపు చుట్టమొకటి ఇప్పుడు నా మనవణ్ణి మోస్తోంది. ఎవర్ని తిట్టుకోను, ఎవరికి దణ్ణం పెట్టను. బొట్టు సగం దాటింది. రచన లేన్ ఒక్కటి బావుంటే చాలు, నాదేమైనా కానీ. విన్నావా జెల్ మహాతల్లీ, నాకు రెండు గీతలివ్వు, మూడివ్వు, దానికి మాత్రం ఒక్కటే ఇవ్వు. ఇంత సైన్సు చదివి జెల్‌కి మొక్కుకుంటున్నాను. కానీ, ఎవరు చూడొచ్చారు.

కింద అంచు దగ్గరికొచ్చింది నీలం. చాలు, ఇక ఆపాలి, ఆపకపోతే అందరూ జెల్ దాటి నీళ్ళలో కలుస్తారు. స్విచ్ తీశాను. బుడగలు ఆగాయి. గ్లవ్స్ వేసుకున్నాను, జెల్ జారిపోతుంది, రెండు చేతులా పట్టుకుని, పక్కగదిలోకి, చీకటి గది, యూవీ పెట్టె మీద పెట్టి మూత వేసి, కళ్ళజోడు పెట్టుకుని, చెయ్యి స్విచ్ మీద. వేంకటేశ్వరస్వామీ. వేశాను.

వెలిగాయి. కొలబద్ద మెట్లుమెట్లుగా. రెండో లేన్, కింద ఒకటి. మూడో లేన్, కింద ఒకటి. పైన? పైన ఏమీ లేదు. ముందుకి వంగి చూశాను, పక్కనించి చూశాను, కళ్ళజోడు తుడుచుకుని చూశాను. లేదు. ఐదో లేన్, రచన, కింద ఒకటి, పైన నలుపు, శుభ్రంగా, తుడిచిన పలకలా. నాలుగో లేన్‌లో మాత్రం పైన, ఒక్కడూ, మా ఎవరి వరసలోనూ లేకుండా, నిశాంత్.

ముందు ఫొటో తీశాను. తర్వాత రచనకి ఫోన్. "నీలో లేదమ్మా. క్లినిక్ వాళ్ళకి ఎక్కడ వెతకాలో చెబుతాను, వాళ్ళూ ఓసారి చూసి రూఢి చేసుకుంటారు. కానీ లేదు." అటు ఏడుపు, నవ్వు, ఆశిష్ ఏమైంది ఏమైంది అనడం. తర్వాత ముక్కు చీదుకుని, "మరి నీలో, అమ్మా?" "నాలోనూ లేదే." "అంటే నిషూకి ఎవరిచ్చారు?" "ఎవరూ ఇవ్వలేదు. వాడి మొదట్లో, వాడు వాడవుతున్నప్పుడే, అదే ఎగిరొచ్చి కూచుంది." "అయితే నీ ఫాల్ట్ కాదు. ఎప్పుడూ కాదు. అమ్మా, ఆర్ యూ హ్యాపీ?" "ఆఁ, ఎందుక్కానూ, పిచ్చిపిల్లా. ఏమైనా తిను."

నిజం చెప్పనా. సంతోషమే, రచన విషయంలో ఒళ్ళంతా సంతోషమే. కానీ మూడో లేన్ చూసినప్పుడు ఏదో పోగొట్టుకున్నట్టయింది. ఇన్నేళ్ళూ నేనిచ్చాను అనుకునేదాన్ని, తిట్టుకునేదాన్ని, కానీ ఇచ్చినదాన్ని నేనే కదా, వాడిదీ నాదీ అని ఒకటుండేది. ఇప్పుడు అదీ లేదు. నాలో ఉండుంటే బావుండును. పైన వాడి పక్కన నాదీ ఒక గీత ఉండుంటే బావుండును. ఏ తల్లయినా ఇలా అనుకుంటుందా? నేననుకున్నాను.

మళ్ళీ ఫోన్. "దమయంతీ, అన్నం ముద్దయింది."

"నాలో లేదండీ," అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

"ఏది?"

"నిశాంత్‌ది. పన్నులోంచి తీసి చూశాను. నాలో లేదు. రచనలోనూ లేదు."

టీవీ ఆపిన చప్పుడైంది. "రక్తంలో లేకపోయినా దమయంతీ, అండాల్లో..." అని, ఆగిపోయారు. అది కూడా నిజమే, రక్తంలో కనపడకుండా తల్లి అండాల్లో కొన్నిటిలోనే ఉండొచ్చు, తర్వాతి పేజీలో ఉంటుంది, నాకూ తెలుసు. కానీ మధ్యలో ఆగడం ఆయనకి చాతనవుతుందని నాకు తెలీదు. "ఆ పన్ను నువ్వు దాచావా?" అన్నారు. గొంతు ముసలివాడి గొంతులా ఉంది. "నేను పారెయ్యమన్నాను కదూ." ఆఁ అన్నాను. ఇంకేమైనా అంటారేమోనని చూశాను. "చీకటి పడకముందే బయల్దేరు" అన్నారు.

ఈ లైటు కింద ఎక్కువసేపు ఉంచకూడదు, వెలుగే గీతని తినేస్తుంది, చూసినకొద్దీ మసకబారుతుంది. చూసి, ఫొటో తీసి, పారెయ్యాలి, అది పద్ధతి. బ్లేడు తీసుకున్నాను. నాలుగో లేన్‌లో పైన చిన్న చతురస్రం కోశాను, గోరంత జెల్, గొట్టంలో వేశాను. తెలుసు, ఇది వాడు కాదు, వాడి డీఎన్ఏకి మిషన్ తీసిన కాపీల కాపీలు. అయితే ఏం. ఫ్రీజర్ శుభ్రం చేసే రోజు పేరు లేని గొట్టాలన్నీ చెత్తలోకి పోతాయి. పేరున్నా ఎవరిదో తెలిస్తే ఇది ఇంకా కావాలా అని అడుగుతారు. అందుకని మూత మీద తెలుగులో రాశాను, నిశాంత్ అని, చిన్నగా, ఎవరూ చదవలేనిది ఎవరూ పారెయ్యరు. N గొట్టం పక్కన ఒక గుంట ఖాళీగా ఉంది. అందులో పెట్టి తలుపు వేశాను. ఇంటికెళ్ళి ముద్దన్నం తినాలి.